గంటకు తొమ్మిది వందల మీటర్లు

సెకనుకు ఇన్ని మీటర్లు అని ఉన్న వేగాన్ని గంటకు ఇన్ని కిలోమీటర్లుగా మార్చాలంటే 3.6తో గుణించాలి. తిరిగి మార్చాలంటే 3.6తో భాగించాలి. నీటిపారుదల శాఖలో నా ఉద్యోగమంతా ఈ గుణకంతోనే గడిచింది. ఇది ఒక్కసారి కూడా నన్ను మోసగించలేదు. అయితే ఇదే గుణకాన్ని ఏ పొరపాటూ లేకుండా వాడిన ఒక రైతు, ఆ లెక్క బలంతోనే ఒక నిర్దోషి ఉద్యోగం పోయే అంచు దాకా వ్యవహారాన్ని తీసుకువెళ్లడం చూశాను. శాఖలో కొత్తగా చేరుతున్న అసిస్టెంట్ ఇంజినీర్ల (ఏఈల) కోసం ఆ రోజు సంగతి రాస్తున్నాను. పదోన్నతులు, బదిలీలు, ఫైళ్లు ఎవరి ఉద్యోగంలోనైనా ఉండేవే. వాటి జోలికి పోను.

అప్పటికి నేను డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరును. అందరూ డీఈ అనేవారు. నిజాంసాగర్ నీళ్లతో బోధన్ వైపు చెరకుకు తడినిచ్చే ఒక ఉపకాలువ నా పరిధిలో ఉండేది. పొడవు ఇరవై నాలుగు కిలోమీటర్లు. మొదటి పద్నాలుగు కిలోమీటర్లకు సిమెంటు లైనింగ్ ఉంది. చివరి పది కిలోమీటర్లు మట్టి కాలువ.

ఎండాకాలంలో నీళ్లను వంతుల వారీగా వదిలేవాళ్లం. వంతు అంటే అక్కడ గడియారం వంతు. ఫలానా తూముకు ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా అని ముందే రాసి ఉంటుంది. ఆ సమయం దాటితే నీళ్లు మరో తూమువి. చివరి తూముకు మొదట ఇచ్చి, తరువాత పైకి రావడం మా పద్ధతి. ఆసారి సాయంత్రం ఆరు గంటలకు గేటు ఎత్తాం. తెల్లవారుజామున ఐదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా చివరి తూము వంతు. రెండు కాగానే పద్దెనిమిదో కిలోమీటరు దగ్గరి తూము తెరుచుకోవాలి.

ఉదయం తొమ్మిది దాటినా చివరి తూము దగ్గర చుక్క నీరు లేదు. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, అంటే ఈఈ గారు ఫోన్ చేశారు.

"రైతులు కాలువ మీద కూర్చున్నారట. మీ లష్కరు రాత్రి మధ్యలో నీళ్లు అమ్ముకున్నాడని అంటున్నారు. మధ్యాహ్నం రెండింటికల్లా అతణ్ని తొలగించకపోతే బోధన్ రోడ్డు మీదికి వస్తారట. మీరు వెళ్లి చూడండి. నేను మాత్రం ఆర్డరు టైప్ చేయించి పెడుతున్నాను."

లష్కరు అంటే కాలువ మీద తిరుగుతూ తూముల షట్టర్లు ఎత్తే, దించే మనిషి. ఆ కాలువకు లష్కరు సాయిలు. సిరికొండ వైపు నుంచి వచ్చి, కట్ట పక్కనే ఒక గదిలో భార్యతో ఉండేవాడు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం కనుక అతణ్ని తీసేయడానికి విచారణ అవసరం లేదు. ఒక వాక్యం, కింద ఒక సంతకం చాలు. ఈఈ గారు సిద్ధంగా ఉంచిన కాగితం అదే.

నేను వెళ్లేసరికి ఇరవై మంది దాకా తూము చుట్టూ ఉన్నారు. వాళ్ల తరఫున మాట్లాడేది కృష్ణమూర్తి గారు. తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి ఈ కాలువ కింద స్థిరపడిన కుటుంబం. డెబ్బై దాటినా లెక్క నోటితోనే చేసే మనిషి. ఆయన చెరకు ఆకులు ఎండకు సన్నగా చుట్టుకుపోయి ఉన్నాయి. ఈ వంతు పోతే మళ్లీ వంతు వచ్చే దాకా ఆ తోట ఆగదని చూడగానే తెలుస్తోంది.

"రండి డీఈ గారూ, రండి. లెక్క మీరే చూడండి," అన్నారాయన. "మీ ఏఈ అమ్మాయి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది, కాలువలో నీటి వేగం సెకనుకి సున్నా పాయింట్ ఆరు మీటర్లని. అరవైతో కొట్టాను, ముప్పై ఆరు. మళ్లీ అరవైతో కొట్టాను, గంటకి రెండు వేల నూట అరవై మీటర్లు. ఇరవై నాలుగు కిలోమీటర్లకి పదకొండు గంటలు. సాయంత్రం ఆరుకి వదిలితే పొద్దున్న ఐదుకి రావాలా వద్దా? ఎక్కడ తప్పుందో చూపించండి!"

"తప్పు లేదండీ," అన్నాను. నిజంగానే లేదు.

"లేదు కదా! మరైతే దొంగ ఉన్నాడు."

సాయిలు పక్కన నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేని కళ్లు. "షట్టర్ ముట్టలే సార్. కట్ట మీదనే తిరుగుకుంట ఉన్న. మా పోరగాళ్ల మీద ఒట్టు. నీళ్లు ఎవ్వలకిచ్చిన్నో ఒక్కని పేరు చెప్పుమనుండ్రి."

"పేరు చెప్పాలా? పద్దెనిమిదో కిలోమీటరు గంగారెడ్డి. ఇంకెవరు?" అన్నారు కృష్ణమూర్తి గారు.

ఆ ఆరోపణ పొద్దున్నే చెవిన పడి గంగారెడ్డి కూడా మోటారు సైకిల్ మీద అక్కడికే వచ్చాడు. పసుపు, చెరకు రెండూ వేసే స్థానిక రైతు. మనిషి కంటే ముందు గొంతు వచ్చింది.

"ఏం మూర్తి గారూ, నీళ్లను జేబుల పెట్టుకొని పోయిన్నా నేను? రా, మా పొలం సూడు. ఒక్క సాలు తడి ఉంటే గీ బండి నీకే ఇచ్చి నడుసుకుంట ఇంటికి పోత!"

"పొలం తడి ఆరిపోతుందిలే గంగారెడ్డీ. లెక్క ఆరిపోదు."

ఆ క్షణంలో నేను ఎవరి వైపూ మాట్లాడలేదు. అందరినీ కాలువ వెంట పైకి రమ్మన్నాను. వాదించకుండా ఆ పని ఎందుకు చేశానో తెలియాలంటే, అంతకు ముందు నేను నేర్చుకున్న రెండు మూడు సంగతులు చెప్పాలి.

సెకను మాది, గంట రైతుది

శాఖ సెకన్లలో ఆలోచిస్తుంది. కాలువలో ఎన్ని ఘనపు మీటర్ల నీరు పోతున్నదో తెలియడానికి అడ్డుకోత వైశాల్యాన్ని వేగంతో గుణిస్తాం. ఆ వేగం సెకనుకు మీటర్లలోనే ఉండాలి. రైతుకు సెకనుతో పని లేదు. ఆయన వంతు గంటల్లో ఉంటుంది, పొలం కిలోమీటర్లలో ఉంటుంది. కనుక ప్రతి నీటి విడుదలకూ ఎవరో ఒకరు సెకను నుంచి గంటకు దాటాలి. పొరపాట్లన్నీ జరిగేది ఆ దాటే చోటే.

3.6 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన వాడికి అది మరచిపోవడం సాధ్యం కాదు. గంటకు 3,600 సెకన్లు. కిలోమీటరుకు 1,000 మీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 3.6. అయినా నేను కొత్తవారికి ఇంకో దారి చెప్పేవాణ్ని: మధ్యలో నిమిషం దగ్గర ఒకసారి ఆగండి. సెకనుకు 0.6 మీటర్లంటే నిమిషానికి 36 మీటర్లు. ఈ అంకెను కంటితో చూడవచ్చు. కాలువ కట్ట మీద ఒక నిమిషం నిలబడితే అది నిజమో కాదో తెలిసిపోతుంది. నిమిషానికి 36 అయితే గంటకు 2,160 మీటర్లు. కృష్ణమూర్తి గారు చేసింది ఇదే. ఆ పద్ధతిలో నేను ఏ లోపమూ చూడను.

ఒకసారి కొత్త ఏఈ ఒకాయన గుణించవలసిన చోట భాగించాడు. కాలువ పన్నెండు కిలోమీటర్లు, వేగం అదే 0.6. ఆయనకు గంటకు 0.17 కిలోమీటర్లు వచ్చింది. నీళ్లు చేరడానికి దాదాపు మూడు రోజులు పడుతుందని ఊళ్లో చాటింపు వేయించాడు. ఊరి అవ్వ ఒకామె అడిగింది: "మూడొద్దులా బిడ్డా? గన్ని దినాలు ఎందుకు, బిందెలతోని మేమే మోసుకొచ్చుకుంటం తియ్యి." నీళ్లు ఆ సాయంత్రమే వచ్చాయి. అప్పటికి ఎవరూ తూము కాలువలు బాగు చేసుకోలేదు. సగం నీరు వాగులో కలిసింది.

ఆ తప్పు పట్టుకోవడానికి లెక్కల పుస్తకం అవసరం లేదు. ఒకే వేగాన్ని రెండు కొలతల్లో రాస్తే గంటకు కిలోమీటర్ల అంకె ఎప్పుడూ పెద్దది, సెకనుకు మీటర్ల అంకె ఎప్పుడూ చిన్నది. మార్చాక అంకె తగ్గిందా, పెరిగిందా అని ఒక్కసారి చూసుకోవాలి. ఇప్పుడు ఈ పని ఫోనే చేసిపెడుతుంది. నాకేమీ అభ్యంతరం లేదు. ఫోను గుణకారంలో తప్పు చేయదు. ఏ అంకెను ఇచ్చారో మాత్రం అది అడగదు.

ఇంకో మాట. 0.6 అని రాసినప్పుడు అసలు వేగం 0.55 నుంచి 0.65 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. దాన్ని 2.16 చేయగానే ఆ చివరి ఆరు ఎక్కడి నుంచో వచ్చి కూర్చుంటుంది. కొలవని ఖచ్చితత్వం అది. రైతుకు చెప్పేటప్పుడు "గంటకు రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ" అనాలి. అలా అనడం చేతగానితనం కాదు. అంకెలను గౌరవించే వాడు అలాగే అంటాడు.

ఖాదర్ సాబ్ నడక

నా మొదటి డీఈ ఖాదర్ సాబ్. నేను చూసిన అధికారుల్లో అంకెను అంత అనుమానంగా చూసిన మనిషి మరొకరు లేరు. కాలువ వేగం కొలిచే యంత్రం డివిజన్‌లో ఉండేది. ఆయన దాన్ని వాడనిచ్చేవారు, కానీ దానికి ముందు గింజలు ఒలిచిన మక్క బెండు ఒకటి నీళ్లలో వేసి దాని పక్కన కట్ట మీద నడవమనేవారు. మనిషి మామూలు నడక గంటకు ఐదు కిలోమీటర్లు, అంటే సెకనుకు సుమారు 1.4 మీటర్లు. మంచి కాలువలో నీరు అంత వేగంగా పోదు. నడిచే మనిషి బెండు కోసం ఆగాలి.

నాతో చేరిన ఒక మిత్రుడు 0.6ను గుణించి 2.16 చేశాడు, పక్కన మాత్రం పాత అలవాటుతో "మీటర్లు, సెకనుకు" అనే రాశాడు. ఖాదర్ సాబ్ ఆ కాగితం చూసి, చేతికర్రతో కాలువ వైపు చూపించారు.

"బాబూ, నీ నీళ్లు గంటకు ఎనిమిది కిలోమీటర్లు దౌడు తీస్తున్నయి. ఉరుకు. దాని ఎంబడి ఉరుకు, నేను సూస్త."

మిత్రుడు నవ్వబోయాడు. సాబ్ నవ్వలేదు. "ఉరుకుమంటిని గదా! ఉరుకకుంటే నీళ్లు మహారాష్ట్ర దాటిపోతయి."

మిత్రుడు నిజంగానే వంద మీటర్లు పరుగెత్తాడు. వెనక్కి తిరిగి చూస్తే బెండు తాపీగా వస్తూ ఉంది. అంకె మార్చినప్పుడు పక్కనున్న కొలత పేరు కూడా మార్చాలన్న సంగతి ఆ తరువాత మాలో ఎవరూ మరిచిపోలేదు. సాబ్ శిక్షలు ఇలాగే ఉండేవి. మెమో ఇవ్వరు, చెమట పట్టిస్తారు. మంచి పద్ధతి అనే నా అభిప్రాయం.

బెండు చెప్పేది కాలువ నడుమ, నీటి పైభాగం వేగం. అడుగున, అంచుల్లో నీరు నెమ్మదిగా పోతుంది. కనుక బెండు వేగంలో ఎనభై ఐదు శాతాన్ని సగటుగా తీసుకుంటాం. "పైన తేలేటోని మాట సగటు గాదు," అనేవారు ఖాదర్ సాబ్. ఇది నీటి గురించే అన్నారని నేను అనుకునేవాణ్ని. తరువాత కొన్ని ఆఫీసులు చూశాక రెండో అర్థమూ ఉందేమోనని అనుమానం వచ్చింది.

పదకొండూ ముప్పై ఆరూ

కొలత పేరు చూడకపోతే నీళ్ల దగ్గర రైతుకు నష్టం. గాలి దగ్గర ప్రాణానికే ముప్పు. ఒక ఎత్తిపోతల పంపుహౌసులో మోటారు దించడానికి కాంట్రాక్టరు క్రేను తెప్పించాడు. గాలి గంటకు ముప్పై ఆరు కిలోమీటర్లు దాటితే బరువు ఎత్తకూడదని క్రేను మీద రాసి ఉంది. ఆ రోజు షెడ్డు మీది రేకులు టపటపలాడుతున్నాయి. క్రేను నడిపే రాజు మాత్రం ధీమాగా ఉన్నాడు.

"ఫోన్ల పదకొండే సూపిస్తున్నది సార్. ముప్పై ఆరు యాడ, పదకొండు యాడ! ఇంక మూడిట్ల రెండొంతులు జాగా ఉన్నది."

ఫోను తీసుకుని చూశాను. పదకొండు పక్కన సన్నటి అక్షరాల్లో సెకనుకు మీటర్లు అని ఉంది. పదకొండును 3.6తో గుణిస్తే 39.6. హద్దు అప్పటికే దాటిపోయింది. సెకనుకు పది మీటర్లంటేనే గంటకు ముప్పై ఆరు కిలోమీటర్లు. ఈ ఒక్క జంటను కంఠస్థం చేసుకుంటే తక్కినవన్నీ దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు. ఐదంటే పద్దెనిమిది, పదిహేనంటే యాభై నాలుగు, ఇరవై అంటే డెబ్బై రెండు.

పని ఆపించాను. కాంట్రాక్టరు మనిషి అరగంట సణిగాడు. తరువాత షెడ్డు మీది రేకు ఒకటి ఊడి, మోటారు వేలాడవలసిన చోట పడింది. రాజు ఆ రేకును, నన్ను మార్చి మార్చి చూసి, "సెట్టింగు మారుస్త సార్," అన్నాడు.

నీళ్లకు ఎదురు

ఇప్పుడు కాలువ దగ్గరికి వస్తాను. కృష్ణమూర్తి గారి గుణకారం సరైనదే, కొలత పేర్లు సరైనవే. అయినా నీళ్లు రాలేదు. అటువంటప్పుడు అనుమానించవలసింది ఆయన గుణించిన మొదటి అంకెను. అక్కడికే వచ్చి ఉన్న నా ఏఈ రవళిని పక్కకు పిలిచి అడిగాను.

"ఈ 0.6 ఎక్కడ కొలిచావమ్మా?"

"హెడ్ దగ్గర సార్. లైనింగ్‌లో. బెండు వేసి చూసిన. పోయినసారి నీళ్లు నిండుగ ఉన్నప్పుడు తీసిన రీడింగే." ఒక్క క్షణం ఆగి తనే అంది: "గ్రూపుల ఆ ముచ్చట రాయలేదు సార్."

తెలివైన అమ్మాయి; అంతకంటే చెప్పనవసరం లేకపోయింది. నిండుగా పారే సిమెంటు కాలువలో, నడుమ, పైభాగాన తేలిన బెండు వేగం అది. కాలువ ఎండి ఉన్నప్పుడు వచ్చే మొదటి నీటి మొనకు ఆ వేగం ఎక్కడిది? ఆ మొన ముందు తడిపి, నింపి, తరువాతే కదులుతుంది.

కృష్ణమూర్తి గారు నా జీపులో ఎక్కారు. రవళి, సాయిలు ఒక బండి మీద, గంగారెడ్డి తన బండి మీద వచ్చారు. కట్ట మీదుగా పైకి వెళ్తున్నాం. ఇరవై మూడో కిలోమీటరు రాయి దగ్గర కాలువ ఎండిపోయి ఉంది. ఇరవై రెండు దగ్గరా అంతే.

"చూశారా? నీళ్ల జాడే లేదు. పద్దెనిమిది దాకా ఇలాగే ఉంటుంది చూస్తుండండి," అన్నారు కృష్ణమూర్తి గారు.

వెనక నుంచి సాయిలు కేకేశాడు. "సార్! కొంగలు! కొంగలు సూడుండ్రి!"

ఇరవై ఒకటో రాయి దగ్గర కాలువ లోపల తెల్లగా కొంగలు దిగి ఉన్నాయి. ఎండిన కాలువలోకి నీరు వస్తుంటే బొరియల్లోంచి పురుగులు బయటపడతాయి. వాటి కోసం కొంగలు నీటి మొన ముందు వెనక్కి వెనక్కి నడుస్తుంటాయి. జీపు దిగి చూశాం. ఎండుటాకులు, చెరకు చెత్త, నురగ ముందుకు నెట్టుకుంటూ నీళ్లు వస్తున్నాయి. ఒక పగులు కనబడితే అందులోకి దిగుతాయి. అది నిండే దాకా మొన కదలదు. నిండగానే ఒక మూర ముందుకు పాకుతుంది. మళ్లీ ఒక ఎలుక బొరియ. మళ్లీ ఆగుతుంది.

కృష్ణమూర్తి గారు కట్ట అంచుకు వచ్చి వంగి చూశారు. గంగారెడ్డి అందుకున్నాడు. "నా జేబుల నుంచి బయటికొచ్చినట్టున్నయి."

"ఊరుకోవయ్యా."

కట్ట మీద టేపుతో పది మీటర్లు కొలిచి, రెండు చివరలా చెరకు గడలు పాతించాను. "గడియారం మీరే చూడండి," అని కృష్ణమూర్తి గారిని అడిగాను. మొన మొదటి గడ దాటగానే ఆయన చేయి ఎత్తారు. రెండో గడ దాటగానే దించారు. నలభై సెకన్లు. ఇంకో పది మీటర్లు: ముప్పై ఎనిమిది. మరో పది: నలభై రెండు.

"సగటు నలభై," అన్నాను. "ఇక లెక్క మీది."

ఆయన నోటితోనే చేశారు. "నలభై సెకన్లకి పది మీటర్లు. సెకనుకి పావు మీటరు. నిమిషానికి పదిహేను. గంటకి..." అక్కడ ఆగారు. "గంటకి తొమ్మిది వందల మీటర్లండి. కిలోమీటరు కూడా లేదు."

"ఇంకా ఎంత దూరం ఉంది?"

"మూడు కిలోమీటర్లు. మూడు గంటల ఇరవై నిమిషాలు." గడియారం చూసుకున్నారు. పది నలభై అయింది. ఆయన ముఖం మారిపోయింది. "రెండింటికి. సరిగ్గా మా వంతు అయిపోయే వేళకి."

అప్పటిదాకా అది దొంగతనం మీద తగాదా. ఇప్పుడు దొంగ లేడు, కానీ ఆయన వంతు పోయింది. రెండు గంటలకు పద్దెనిమిదో కిలోమీటరు తూము ఎత్తితే ఆయన పొలం గడప దాకా వచ్చిన నీళ్లు అక్కడే ఆగిపోతాయి. ఆ తూము వంతు గంగారెడ్డిది. హక్కు ప్రకారం అతణ్ని ఆపే అధికారం నాకు లేదు.

వంతును ముందే గడియారంతో కట్టేయడం తప్పని నేను అంతకు ముందు పై అధికారులకు చెప్పాను. నీళ్లు తూమును తాకిన క్షణం నుంచి గంటలు లెక్కపెట్టాలి. ఆ పద్ధతి మారాలంటే అందరు రైతులూ ఒప్పుకోవాలి. అందరికంటే ముందు, ఆ రోజు నష్టపోయే రైతు ఒప్పుకోవాలి.

"గంగారెడ్డీ, చివరి తూముకు నీళ్లు తాకినప్పటి నుంచి తొమ్మిది గంటలు. నీ వంతు ఆ తరువాత. నువ్వు ఒప్పుకుంటేనే," అన్నాను.

అతను బండి మీద నుంచి దిగలేదు. "పొద్దుగాల సంది నన్ను దొంగ అనుకుంట తిరిగిండు. గిప్పుడు ఆయన చెరుకు కోసం నా వంతు జరుపుకోవాల్నా? నాది గూడ చెరుకే సార్. ప్లాస్టిక్‌ది గాదు."

"నిజమే," అన్నాను.

"నన్నంటే అన్నడు. నేను గట్టిగనే ఉంట. గా సాయిలు సంగతేంది? ఆడ ఆఫీసుల కాగితం తయారై కూసున్నది. రెండింటికి సంతకమంట. నీళ్లు వచ్చుడు రెండింటికే, వాని నౌకరి పోవుడు రెండింటికే. ఏం లెక్క సార్ ఇది?"

సాయిలు తన పనిలో ఉన్నాడు. కాలువలోకి దిగి, నీటి మొనకు అడ్డం పడిన చెత్తను పారతో పక్కకు లాగుతున్నాడు. ఒక మూర ముందుకు వచ్చింది. మళ్లీ లాగాడు.

కృష్ణమూర్తి గారు అతని వైపే చూస్తున్నారు. కొంతసేపటికి ఫోను తీశారు. రవళి ఈఈ గారి నంబరు నొక్కి ఇచ్చింది.

"ఈఈ గారాండీ? చివరి తూము కృష్ణమూర్తిని. ఆ కాగితం చించెయ్యండి... సంతకం పెట్టొద్దంటున్నానండీ. దొంగ ఎవరూ లేరు. నేను కళ్లారా చూస్తున్నాను, నీళ్లు నడిచి వస్తున్నాయి... అవునండీ, ఫిర్యాదు చేసింది నేనే. వెనక్కి తీసుకుంటున్నది కూడా నేనే... లెక్క తప్పలేదండీ, లెక్క బాగానే ఉంది. ఇక్కడి నీళ్లది కాదు, అంతే."

ఈఈ గారు ఒక నిమిషం అటు నుంచి ఏదో అడిగారు. కృష్ణమూర్తి గారు "అలాగే రాసిస్తాను, నా సంతకంతోనే" అన్నారు. ఫోను జేబులో పెట్టుకుని గంగారెడ్డి వైపు తిరిగారు.

"నిన్నూ అన్నాను. అనకూడదు."

గంగారెడ్డి కాసేపు బండి హ్యాండిల్ మీద వేళ్లతో కొట్టాడు. "సరే తియ్యి పెద్దాయనా. తొమ్మిది గంటలు. తాకినప్పటి సంది. ఒక్క నిమిషం ఎక్కువైతే మాత్రం నేనే వచ్చి షట్టర్ దించుత."

ఇక్కడొక మాట. కొత్తగా చేరేవారు ఈ ఉదంతం విని లెక్కను నమ్మకూడదని అనుకుంటే నేను రాసినదంతా వృథా. లెక్కను నమ్మండి. ఆ రోజు సాయిలును కాపాడింది కూడా అదే లెక్క, అదే అరవై, అదే మరో అరవై. మారింది ఒక్కటే: గుణించే అంకెను, నీరు ఉన్న చోటికి వెళ్లి తీసుకున్నాం. కనుక ఒక వేగాన్ని ఎవరికైనా పంపేటప్పుడు మూడు సంగతులు కలిపి పంపండి: అంకె, దాని కొలత పేరు, దాన్ని ఎక్కడ ఏ స్థితిలో కొలిచారో. మూడోది లేని అంకె ఎంత సరిగా మార్చినా పరాయి కాలువదే. రవళి ఆ మరుసటి విడుదల నుంచి గ్రూపులో నిండు కాలువ వేగం ఒక వరుసలో, ఎండు కాలువలో మొన వేగం ఇంకో వరుసలో పెట్టేది. రైతులు రెండోదాన్నే గుణించుకునేవారు.

అధికారుల గురించి కూడా ఒక ముక్క. ఈఈ గారు చెడ్డవారు కాదు. ధర్నా అంటే భయపడే మనిషి, అంతే. భయపడే అధికారి దగ్గర కాగితం ముందే సిద్ధంగా ఉంటుంది. మీరు ఆ కుర్చీలోకి వెళ్లినప్పుడు కాగితం కంటే ముందు కాలువ చూడండి.

నీళ్లు చివరి తూమును తాకేసరికి రెండూ పది అయింది. నా అంచనా కంటే పది నిమిషాలు ఎక్కువ; ఆఖరి అర కిలోమీటరులో గడ్డి దట్టంగా ఉంది. రైతులందరూ తూము చుట్టూ చేరారు. పొద్దున ఆ షట్టరు దగ్గరికి సాయిలును రానివ్వని వాళ్లే వాళ్లు. అతను అలవాటుగా ముందుకు వచ్చి, మళ్లీ ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.

"నిలబడ్డావేంటయ్యా? తియ్యి," అన్నారు కృష్ణమూర్తి గారు.

సాయిలు దిగి షట్టరు చక్రం పట్టుకున్నాడు. తిప్పే ముందు తల ఎత్తి, ఆయన చేతి గడియారం వైపు చూశాడు.

"టైం సూసుకోండ్రి సార్. గిప్పటి సంది తొమ్మిది గంటలు మీయి."